ఊరికి చెప్తరు.. పిల్లకే చెప్పరు

మన ఊర్లల్ల ఆడపిల్ల పెద్దమనిషైతే గంటల్ల ఊరంతా తెలుస్తది. మేనమామకు ఫోన్ పోతది. మేనత్త బస్సెక్కుతది. అయ్యగారిని మంచిరోజు అడుగుతరు. చేతిల నాలుగు పైసలుంటే ఫంక్షన్ హాలు మాట్లాడ్తరు, చౌరస్తాల ఫ్లెక్సీ కడ్తరు, కార్డు మీద ‘నూతన వస్త్రాలంకరణ’ అని అచ్చేయిస్తరు. ఇంత హడావుడిల ఆ పిల్లకు చెప్పాల్సిన మాట ఒక్కటి మిగిలిపోతది. ఆ రక్తం ఏంది? యాడికెళ్లి వచ్చింది? మల్ల వస్తదా? వస్తే ఎన్నేండ్లు వస్తది? మూలకు చాప మీద కూసున్న పన్నెండేండ్ల పిల్ల ఈ ప్రశ్నలన్నీ కడుపుల పెట్టుకొని కూసుంటది. ఇది ఒక్కసారే వచ్చి పోతదనుకొని, వచ్చే నెల మల్ల రక్తం కనవడంగనే గుండె జారిన పిల్లలు ఎందరో.

ఆమెకు అందేది ఒక లిస్టు. దేవునర్ర దిక్కు పోవద్దు. తొక్కు జాడీ ముట్టొద్దు. తులసిచెట్టుకు నీళ్లు పొయ్యొద్దు. మొగపోరగాళ్లతోని ఆడొద్దు. బట్ట ఎవ్వరికీ కనవడకుంట ఆరెయ్యాలె. పొద్దూకినంక గడప దాటొద్దు. ఎందుకని అడిగితే ‘ఇగ నువ్వు పెద్దగైనవ్’ అంటరు. నా లెక్కల అసలు గడబిడ ఇక్కడ్నే ఉన్నది. సొంత శరీరం గురించి ఆడపిల్లకు మొట్టమొదట చెప్పేది ‘ఏం జరుగుతున్నది’ అని కాదు, ‘ఏం చెయ్యొద్దు’ అని. అది సుత అంతా అయిపోయినంక చెప్తరు. ఈ ఒక్క లోపం పన్నెండేండ్లకు మొదలై, కొందరిని ముప్పై ఐదేండ్లకు ఆపరేషన్ బల్ల మీది దాక తోల్కపోతది. ఎట్లనో కింద చెప్త.

ముందుగాల ఆ మొదటి రోజు సంగతి. ఎవ్వరూ ఏం చెప్పని పిల్లకు రక్తం కనవడితే ఏమనుకుంటది? యాడనో తెగిందనుకుంటది. కుంటల దిగినప్పుడు జలగ పట్టిందనుకుంటది. సినిమాల్ల హీరోయిన్ దగ్గుడు, దస్తీ మీద రక్తం చుక్క పడుడు, బ్లడ్ క్యాన్సర్ అనుడు చూసి పెరిగిన పిల్లలాయె, చచ్చిపోతననే అనుకుంటది. తనేదో తప్పు చేసిందనుకొని చెడ్డీని బియ్యం బస్తా ఎన్క దాచిపెట్టే పిల్లలున్నరు. గురుకులంల, కస్తూర్బా బడిల ఉన్నోళ్లకైతే అమ్మ సుత పక్కన ఉండది. అక్కడ పదో తరగతి అక్కలే డాక్టర్లు, వాళ్లే పంతులమ్మలు. వాళ్లకు తెల్సింది వాళ్లు చెప్తరు. వాళ్లకు సుత ఎవ్వరన్న చెప్పి ఉంటే గదా!

మన మాటలు సుత ఈ సంగతిని దాచేతందుకే పుట్టినట్టున్నయ్. కాకి ముట్టింది. బయటున్నది. దూరమున్నది. ముట్టైంది. అంటున్నది. ఇప్పటి పిల్లలు ‘డేట్ వచ్చింది’ అంటరు, అది జర నయం. ఇన్ని మాటలున్నయ్ గని, నెత్తురు వచ్చే చోటుకు ఇంట్ల అనుకునేతందుకు ఒక్క మర్యాదైన మాట లేదు. ఉన్నవల్లా తిట్లే. లేదంటే పుస్తకంల మాట ‘యోని’, అది నోట్లెకెళ్లి రాదు. పేరే లేని చోట దురద పెట్టినా, మంట పుట్టినా, నొప్పి లేసినా పిల్ల ఎట్ల చెప్తది? ‘కడుపుల నొస్తున్నది’ అంటది. ఆర్‌ఎంపీ దగ్గర కడుపునొప్పి గోలీ తెస్తరు. రోగం ఒక్కకాడ, మందు ఒక్కకాడ.

లోపట జరిగేదేంది?

ఎవ్వరూ చెప్పని ఆ సంగతి ఇదీ. మెదడు కింద బఠాణి గింజంత గ్రంథి ఒకటుంటది. పిట్యూటరీ అంటరు. ఎనిమిదేండ్ల నుంచి పదమూడేండ్ల నడుమ ఎప్పుడో ఒకనాడు మెదడు దానికి ఇషారా ఇస్తది. అది పోయి అండాశయాలను లేపుతది. పొత్తికడుపుల, గర్భసంచికి ఆ దిక్కొకటి ఈ దిక్కొకటి ఉంటయ్ ఇవి. ఒక్కోటి బాదం కాయంత. వీట్ల నుంచి ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఊరుడు మొదలైతది. అప్పుడు రొమ్ముల కాడ చిన్న గట్టి ముడిలెక్క వస్తది. ముడ్తే నొప్పి పెడ్తది. ఒక దిక్కు ముందు, ఒక దిక్కు ఎన్క రావచ్చు, అందులో పరేషాన్ కావాల్సిందేం లేదు. దాన్నే గడ్డ అనుకొని బిడ్డను పట్నం దవాఖానకు తోల్కపోయిన అమ్మానాయిన సుత ఉన్నరు. తర్వాత చంకల్ల, తొడల నడుమ వెంట్రుకలు వస్తయ్. ఎత్తు గబగబ పెరుగుతది. మొటిమలు, చెమట వాసన, ఊకెనే కోపం, ఊకెనే ఏడుపు. తెల్లగ, జిగటగ ద్రవం కొంచెం కొంచెం పోతది.

ఈ మొదటి గుర్తు కనవడ్డంక దగ్గరదగ్గర రెండు, రెండున్నరేండ్లకు మొదటి నెలసరి వస్తది. ఈ లెక్కను అమ్మలు జర యాదిపెట్టుకోవాలె. శరీరం రెండేండ్ల ముందుగాలనే నోటీసు ఇస్తున్నది. ‘ఇంత చిన్నపిల్లకు ఇప్పుడే ఏం చెప్తం’ అని మనం ఆగుతున్నం గని, శరీరం మన కోసం ఆగది. మన దిక్కు చానామంది పిల్లలకు పన్నెండు, పదమూడేండ్లకు వస్తది. తొమ్మిదికి వచ్చినోళ్లున్నరు, పదిహేనుకు వచ్చినోళ్లున్నరు. ఎనిమిది నిండకముందే రొమ్ములు పెరుగుడు మొదలైనా, పదిహేను నిండినా నెలసరి రాకపోయినా డాక్టరుకు చూపియ్యాలె. ఈ నడుమ ఎప్పుడొచ్చినా మామూలే. ‘చికెన్ తినుడు వల్లనే జల్ది అయింది’ అని బిడ్డ పళ్లెంలకెళ్లి ముక్క తీసుడు కాదు ఇలాజు.

ఇగ రక్తం సంగతి. ఆడపిల్ల పుట్టుకతోనే తన అండాశయాలల్ల పది లక్షల నుంచి ఇరవై లక్షల దాక అండాలు తెచ్చుకుంటది. పెద్దమనిషయ్యే నాటికి మూడు, నాలుగు లక్షలు మిగుల్తయ్. బతుకంతట్ల విడుదలయ్యేటివి మాత్రం 400 నుంచి 500. నెలకొకటి లెక్క. అండం ఎదిగేటప్పుడు గర్భసంచి లోపటి గోడ మెత్తగ, మందంగ తయారైతది. సుట్టమొస్తడని ఇల్లు అలికి, మెత్తటి బొంత పరిచి పెట్టినట్టు. గర్భం నిలిస్తే బిడ్డ అండ్లనే పాతుకొని పెరుగుతది. నిలవకపోతే ఆ బొంతతోని పనిలేదు. ఆ పొర ఊడి, కొంత రక్తంతోని కలిసి బయటికి వస్తది. నెలసరి అంటే ఇంతే. మల్ల కొత్త పొర పరుచుడు మొదలైతది. ఇట్ల నలభై ఐదు, యాభై ఏండ్లు వచ్చేదాక నడుస్తది.

రక్తం చూసి బకెట్లకు బకెట్లు పోతున్నదని భయపడ్తరు గని, అన్ని రోజులు కలిపి పొయ్యే రక్తం మామూలుగ 30 నుంచి 40 మిల్లీలీటర్లు. చిన్న చాయ్ గ్లాసుల సగం. మిగతా ద్రవాలు కలుస్తయ్ గన్క ఎక్కువ కనవడ్తది.

కొత్తగ మొదలైన పిల్లకు మొదటి రెండేండ్లు లెక్క తప్పుతది. అండాశయాలు ఇంకా పని నేర్చుకుంటనే ఉంటయ్. పెద్దోళ్లల్ల 21 నుంచి 35 రోజులకోసారి వస్తే, ఈ పిల్లలకు 45 రోజుల దాక సుత పట్టొచ్చు. ఈ ముక్క తెల్వకనే ఎన్ని ఇండ్లల్ల ఎంత కష్టం! యాభై రోజులైనా రాలేదని, పిల్ల మీద అనుమానపు చూపులు. ఫోన్ గుంజుకునుడు, బడి బందు పెట్టుడు. ఆ పిల్లకు నోట్లె మాట రాదు. దాని లోపట ఏం జరుగుతున్నదో దానికే చెప్పలేదాయె.

చెడు రక్తమన్న మాటతోని చేటు

‘నెలనెలా చెడు రక్తం పోతది’ అని మన అవ్వలు చెప్తరు. చేతికి కొడవలి తెగితే వచ్చే రక్తం, ఇదీ ఒక్కటే. ఇండ్ల చెడు లేదు. చిన్న అపోహే గదా, పోనియ్ అనుకుంటరు గని, ఈ మాట మనుషుల ఒంట్ల నెత్తురు తాగుతది. ఎట్లంటే, పది రోజులు పోయినా ‘పోనీ, చెడంతా పోతున్నది’ అనుకుంటరు. ఎనిమిది రోజులు దాటి పోతున్నా, గంట గంటకు ప్యాడ్ తడిసిపోతున్నా, రూపాయి బిళ్లంత గడ్డలు పడుతున్నా, అది పోనిచ్చేది కాదు. డాక్టరుకు చూపియ్యాలె. కొందరు పిల్లలకు మొదటి నెలసరినుంచే గట్ల పోతది. అలాంటోళ్లల్ల రక్తం గడ్డకట్టే గుణంలనే లోపం ఉండొచ్చు. అది పరీక్ష చేస్తే గని తెల్వదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21ల తెలంగాణల 15 నుంచి 19 ఏండ్ల ఆడపిల్లలల్ల వందకు 64 మందికి పైన రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఆంధ్రప్రదేశ్‌ల 60. మెట్లెక్కితే ఆయాసం, బడిల కండ్లు మూతవడుడు, ముఖం తెల్లగ పాలిపోవుడు, మట్టి తినాలని, బలపం తినాలని అనిపిచ్చుడు, ఇవన్నీ దాని గుర్తులే. ‘పిల్ల బద్దకమైంది’ అంటరు. బద్దకం కాదు, నెత్తుర్ల ఇనుము లేదు. బడులల్ల వారానికోసారి ఇచ్చే నీలం గోలీ దీని కోసమే. అండ్ల 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటది. 10 నుంచి 19 ఏండ్ల పిల్లలందరికి, మొగపిల్లలకు సుత. కడుపుల తిప్పుతదని, విరోచనం నల్లగ వస్తదని దాన్ని కిటికీల నుంచి ఇసిరేసుడు మన బడులల్ల ఉన్నదే. బువ్వ తిన్నంక ఏసుకుంటే తిప్పుడు తక్కువైతది. నల్లగ వచ్చుడు ఇనుము రంగే, రోగం కాదు. దాని మీద వెంటనే చాయ్ తాగొద్దు, చాయ్ ఇనుమును ఒంటికి పట్టనియ్యది. నిమ్మకాయ పిండుకొని తింటే మంచిగ పడ్తది.

పెద్దమనిషైనప్పుడు నువ్వుల ముద్దలు, బెల్లం, కుడుక పెట్టే ఆనవాయితీ ఉన్నది సూడుండ్రి, అది మంచిదే. పిల్లకు రెస్టు ఇచ్చుడు, కొత్తబట్టలు పెట్టుడు, నలుగురు ముద్దు చేసుడు సుత మంచిదే. ఫంక్షన్ తప్పని నేననను. అయితే ఆ తిండి పదకొండు రోజులకు బందైతది, ఆంక్షలు మాత్రం ముప్పై ఐదేండ్లు నడుస్తయ్. నన్నడిగితే తిండి ముప్పై ఐదేండ్లు నడిపి, ఆంక్షలు పదకొండు రోజులకు బందు పెట్టాలె.

తొక్కు సంగతి చెప్పకుంటే ఈ ముచ్చట తెగది. ముట్టున్న చెయ్యి తాకితే తొక్కు కరాబైతదంటరు. తొక్కు కరాబయ్యేది తడి చెయ్యి తాకితే, తడి చెంచా పెడితే, ఉప్పు తక్కువైతే. అది మొగోని చెయ్యైనా అంతే. పొలాల కాడ చూడుండ్రి. నాట్లేసే నాడు, పత్తేరే నాడు, కలుపు తీసే నాడు ఏ ఆసామి అయినా ‘అంటున్నోళ్లు రావద్దు’ అని కూలీలను ఎన్కకు పంపిండా? చేసే కష్టానికి లేని అంటు దేవునర్రకే యాడికెళ్లి వచ్చె? ఒక్క ఇత్తన పత్తి కాడ మాత్రం, ముట్టయ్యేటోళ్లు పువ్వు ముడ్తే కాయ నిలవదనే నమ్మకం ఉండె. అదే సాకుతోని పెద్దమనిషి కాని చిన్నపిల్లలను బడి మాన్పిచ్చి క్రాసింగ్ పనికి పెట్టుకున్నరు, వాళ్లకు కూలి సుత తక్కువే ఇచ్చిండ్రు. అంటు అన్న మాట ఎవ్వరి జేబు నింపుతదో అక్కడ నిలబడ్తది.

పండుగలొచ్చినప్పుడు ఇంకో తిప్పలు. బోనాలకు, పెండ్లికి, జాతరకు అడ్డం రావద్దని మెడికల్ షాపుల ‘డేట్ ఆపే గోలీలు’ తెచ్చి పదిహేనేండ్ల పిల్లలతోని ఏపిస్తున్నరు. అవి హార్మోన్ గోలీలు. కొందరికి ఒంట్ల రక్తం గడ్డకట్టే ముప్పు పెంచుతయ్. డాక్టరు చూడకుంట, చిట్టీ లేకుంట షాపాయన చేతుల నుంచి తీసుకునేటివి కావు. అమ్మవారు సుత ఆడదే గదా, ఆమెకు తెల్వనిదా ఇది!

తెల్లబట్ట కాడ్నుంచి ఆపరేషన్ దాక

పైన తెల్లటి ద్రవం అన్న గదా. మన దిక్కు దాన్నే తెల్లబట్ట అంటరు. నెలసరి మొదలయ్యే ముందు నుంచి ప్రతి ఆడపిల్లకూ ఎంతో కొంత పోతది. నెల నడుమ అండం విడుదలయ్యేటప్పుడు కోడిగుడ్డు తెల్లసొన లెక్క సాగుతది. లోపటి భాగాన్ని తడిగ, శుభ్రంగ ఉంచేతందుకు శరీరం చేసుకున్న ఏర్పాటు అది. వాసన కొడితే, పచ్చగనో పెరుగు తరకలెక్కనో ఉంటే, దురద, మంట పుడితే అది ఇన్ఫెక్షన్. గోలీలతోని తగ్గుతది. తెలుసుకోవాల్సింది ఇంతే.

ఈ ఇంతే ఎవ్వరూ చెప్పకపాయె. చెప్పకపోతే ఏం మిగిలింది? తెల్లబట్ట పోతే బొక్కలు కరిగి పోతున్నట్టు అన్న భయం మిగిలింది. ఆ భయాన్ని పన్నెండేండ్ల నుంచి మోసుకుంట ఆ పిల్ల పెద్దదైతది. జల్ది పెండ్లైతది, ఇద్దరు పిల్లలైతరు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయితది. ముప్పై దాటినంక తెల్లబట్ట ఎక్కువైందనో, నడుం నొస్తున్నదనో, నెలసరి ఎక్కువ పోతున్నదనో దవాఖానకు పోతది. స్కానింగ్ చేస్తరు. ‘గర్భసంచి వాచింది, పుండైంది, ఇట్లనే ఉంచితే క్యాన్సర్ అయితది’ అంటరు. ‘పిల్లలు పుట్టిండ్రు గదా, ఇగ దానితోని ఏం పని’ అంటరు. ఈమె సుత అదే అనుకుంటది. చెడు రక్తం పోయే సంచి, అంటు పెట్టే సంచి, పండుగనాడు మూలకు కూసోబెట్టే సంచి. తీసేస్తే పీడ పోతది.

తెలంగాణల, ఆంధ్రల 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్లల్ల వందకు 8 మందికి పైన గర్భసంచి తీసేసుకున్నోళ్లు ఉన్నరని అదే సర్వే చెప్తది. దేశం మొత్తం మీద ఆ లెక్క వందకు 3కు కొంచెం పైన. అంటే మన రెండు రాష్ట్రాలల్ల రెండింతల కంటే ఎక్కువ. దేశంల ఈ ఆపరేషన్లల్ల ఎక్కువ భాగం ప్రైవేటు దవాఖానలల్లనే అయితున్నయ్. మన ఆడోళ్ల గర్భసంచులే దేశంల అందరికంటే జల్ది కరాబైతున్నయా? నేను నమ్మను. పక్కన మహారాష్ట్ర బీడ్ జిల్లాల చెరుకు కొట్టే ఆడోళ్లు పని దినాలు పోతయని, జరిమానా పడ్తదని గర్భసంచులు తీపిచ్చుకున్న సంగతి 2019ల దేశమంతా చూసింది. అక్కడ సుత మూలం ఒక్కటే. నెలసరి అంటే వదిలించుకోవాల్సిన బరువు అన్న మాట చిన్నప్పుడే మనసుల నాటుకున్నది.

గర్భసంచితోని పాటు అండాశయాలు తీసేస్తే ఒంట్ల ఈస్ట్రోజెన్ ఒక్కసారి ఆగిపోతది. ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర పట్టకపోవుడు, బొక్కలు గుల్లబారుడు, గుండె జబ్బు ముప్పు. యాభైలల్ల రావాల్సినయి ముప్పైలల్ల వస్తయ్. తెల్లబట్టతోని బొక్కలు కరుగుతయని భయపడి ఆపరేషన్ చేపిచ్చుకున్న మనిషికి, ఆపరేషన్ తోనే బొక్కలు అరుగుతయ్. నిజంగ గర్భసంచి తియ్యాల్సిన రోగాలు ఉన్నయ్. క్యాన్సర్, మందులకు లొంగని రక్తస్రావం, బాగ పెద్దగైన గడ్డలు. అలాంటప్పుడు తియ్యాల్సిందే. కాకపోతే ఒక్క డాక్టరు చెప్తే సంతకం పెట్టొద్దు. సర్కారు దవాఖానల ఇంకో డాక్టరును అడగాలె. ‘మందులతోని కాదా?’ అన్న ఒక్క ప్రశ్న అడగాలె. ఆ ప్రశ్న అడగాలంటే లోపట ఏమున్నదో తెల్సి ఉండాలె. మల్ల మొదటికే వచ్చినం.

ప్యాడ్ వచ్చింది, మాట రాలే

సర్కార్లు ఏం చెయ్యలేదని అనలేం. శానిటరీ ప్యాడ్ల మీద 12 శాతం జీఎస్టీ ఏసి, గొడవైనంక 2018 జులైల తీసేసిండ్రు. జనఔషధి దుకాణాలల్ల ప్యాడ్ రూపాయికొకటి దొరుకుతది. ఆంధ్రల 2021ల సర్కారు బడి పిల్లలకు నెలకు పది ప్యాడ్లు ఇచ్చే ‘స్వేచ్ఛ’ మొదలుపెట్టిండ్రు. తెలంగాణల 15 నుంచి 24 ఏండ్లోళ్లల్ల 92 శాతం ప్యాడ్లసొంటి శుభ్రమైన పద్ధతులే వాడుతున్నరని సర్వే చెప్తున్నది. దేశం సగటు 77. సంతోషమే. అయితే 92 మంది ప్యాడ్ వాడే రాష్ట్రంలనే 64 మందికి నెత్తురు లేదు, దేశం లెక్క కంటే రెండింతలకు పైన గర్భసంచులు పోతున్నయ్. ప్యాడ్ నెత్తురును పీల్చుకుంటది గని, అపోహను పీల్చుకోదు.

బట్ట వాడే పిల్లలను సుత చిన్నచూపు చూడొద్దు. మెత్తటి నూలుబట్ట సబ్బుతోని ఉతికి, ఎండల ఆరేస్తే అండ్ల తప్పేం లేదు. ఎండల ఆరెయ్యనియ్యకపోవుడే తప్పు. లంగా కింద, తలుపెన్క, నీడల ఆరేస్తే అది సగం తడిగనే ఉంటది, పురుగు పడ్తది. రోగం బట్టతోని రాదు, సిగ్గుతోని వస్తది. ప్యాడ్ అయినా నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చాలె. పొద్దుగాల బస్సెక్కి సాయంత్రం ఇల్లు చేరే పిల్ల యాడ మారుస్తది? బడిల బాత్రూముకు గొళ్లెం ఉంటే నీళ్లుండయ్, నీళ్లుంటే తలుపుండది. అందుకే ఆ నాలుగు రోజులు దినమంతా నీళ్లు తాగకుంట ఉంటరు, మూత్రంల మంట తెచ్చుకుంటరు. మే 28ని ప్రపంచమంతా నెలసరి పరిశుభ్రత దినం చేస్తది. ఆ రోజు మన బడులకు ఎండకాలం సెలవులు!

చదువు సంగతికొస్తే, ఎనిమిదో తరగతి జీవశాస్త్రంల ‘కౌమార దశ’ పాఠం ఉన్నది. మంచి పాఠమే. అయితే చానామంది పిల్లలకు ఆ పాఠం వచ్చేటాల్లకు నెలసరి వచ్చేసి ఉంటది. వచ్చినా సారు ‘ఇది ఇంటికాడ చదువుకోండ్రి’ అని పేజీలు తిప్పేస్తడు. లేదంటే ఆడపిల్లలను వేరే రూముల కూసోబెట్టి చెప్తరు. మొగపిల్లలు కిటికీల నుంచి నవ్వుతరు. వాళ్లకు గొంతు మారుతున్నది, మీసాలొస్తున్నయ్, నిద్రల బట్టలు తడుస్తున్నయ్. వాళ్లకు సుత ఎవ్వరూ ఏం చెప్పలే. చెప్పనోళ్లు నవ్వుడు తప్ప ఏం చేస్తరు? రేపు వీళ్లే మొగలు, వీళ్లే నాయినలు, గర్భసంచి ఆపరేషన్ కాయితం మీద సంతకం పెట్టేటోళ్లు వీళ్లే.

ఇంకో మాట ‘పెద్దమనిషి’ అన్న మాట మీదనే. పన్నెండేండ్ల పిల్లను పెద్దమనిషి అన్నంక సంబంధాలు వాలిపోతయ్. ఫంక్షన్ల చూసిపోయినోళ్లే ఏడాదికల్లా అడుగ వస్తరు. తెలంగాణల 20 నుంచి 24 ఏండ్ల ఆడోళ్లల్ల 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెండ్లైందట. ఆంధ్రల అది 29.3. నెలసరి వచ్చిందంటే గర్భం వచ్చేతందుకు దారి తెర్సుకున్నదని అర్థం, బిడ్డను మోసేతందుకు ఒళ్లు తయారైందని కాదు. కటి ఎముకలు ఆ తర్వాత సుత చానేండ్లు పెరుగుతనే ఉంటయ్. మొలకొచ్చిన నాడే చేను కోతకు రాదు. అలాంటి పెండ్లి చేస్తున్నరని తెలిస్తే 1098కి ఫోన్ చెయ్యొచ్చు. మీ పేరు బయటికి రాదు.

ఇది చదివే తమ్ముళ్లకు ఒక పని. చెల్లెకు ప్యాడ్లు కావాల్నంటే షాపుల పేరు పెట్టి అడుగు. షాపాయన నల్ల కవర్ల చుట్టబోతే ‘వద్దన్నా, గట్లనే ఇయ్యి’ అను. చెల్లెండ్లకు, అక్కలకు ఇంకో పని. ఇంట్ల ఎనిమిదేండ్లదో తొమ్మిదేండ్లదో పిల్ల ఉంటే, అమ్మ చెప్పేదాక ఆగకుండ్రి. పక్కన కూసోబెట్టుకొని చెప్పుండ్రి. పెద్ద లెక్చర్ అక్కర్లేదు. ఇట్ల చెప్తే సాలు:

‘చిన్నీ, ఇంకో రెండు మూడేండ్లకు నీకు మూత్రం పోసే చోటు పక్క నుంచి కొంచెం నెత్తురు వస్తది. నాకు సుత వస్తది, అమ్మకు సుత వస్తది. దెబ్బ తాకి కాదు, రోగం కాదు. మూడు నుంచి ఏడు రోజులుండి ఆగిపోతది, మల్ల వచ్చే నెల వస్తది. మొదట్ల ఒక నెల రావచ్చు, ఒక నెల రాకపోవచ్చు. కడుపుల నొస్తే ఏడినీళ్ల సీసా పెట్టుకుందాం. బాగ నొస్తే దవాఖానకు పోదాం. ప్యాడ్ ఎట్ల పెట్టుకోవాల్నో ఇగో, ఇప్పుడే చూపిస్త. ఒకటి నీ బడి సంచిల పెట్టుకో. బడిల వస్తే టీచరమ్మకు చెప్పు, ఆమె మనింటికి ఫోన్ చేస్తది.’